డోర్నకల్ బిషప్, నంద్యాల ప్రశ్న

వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. పుట్టింది తమిళనాట, పనిచేసింది తెలుగునాట. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొంది, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశారు. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి వైపు ఉన్న ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన బిషప్‌గా ఉన్న కాలంలోనే డోర్నకల్ డయోసిస్‌లో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) కలిశాయి. విడివిడిగా ఉన్న ప్రొటెస్టెంటు సంఘాలన్నీ ఒక్కటి కావాలన్నది ఆయన జీవితకాలపు దైవశాస్త్ర చింతన. ఆయన పోయిన రెండేళ్లకు ఆ ఐక్యత దక్షిణ భారత సంఘం రూపంలో వచ్చింది. ఆయన డయోసిస్‌లోనే భాగమైన నంద్యాల మాత్రం అందులో చేరనంది. ఆ పట్టు 28 ఏళ్లు సాగింది. అజరయ్య ఆలోచన ఏమిటో, దాని బరువెంతో తెలియాలంటే డోర్నకల్‌తో పాటు నంద్యాలనూ చూడాలి.

తిరునల్వేలి నుంచి మానుకోటకు

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి ఆంగ్లికన్ గురువు. నాడార్ కులంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి. తల్లి ఎల్లెన్. పదమూడేళ్లు మగబిడ్డ కోసం ప్రార్థించాక పుట్టినవాడు కాబట్టి, బైబిల్లో హన్నా మొక్కుకుని కన్న సమూయేలు పేరే పెట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు గాని పట్టా చేతికి రాలేదు. తరువాత, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. విశ్వవిద్యాలయంలో కుర్చీ వేసుకుని దైవశాస్త్రం బోధించిన పండితుడు కాదాయన. ఆయన రచనలు బాప్తిస్మానికి సిద్ధపడే పల్లె జనానికీ, వాళ్లకు చెప్పే ఉపదేశకులకూ రాసిన పాఠాలుగానే ఎక్కువగా పుట్టాయి.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ.లో చేరి 1909 దాకా దక్షిణ భారతమంతా తిరిగారు. అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీతో స్నేహం అప్పుడే కుదిరింది. 1902లో సిలోన్‌లోని యాళ్పాణం (జాఫ్నా) వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సువార్త పని నడపడం చూశారు. తిరునల్వేలి సంఘం అంతకంటే పెద్దది, పాతది. అక్కడ అలాంటి ప్రయత్నం లేకపోవడం ఆయన్ను కలచివేసింది. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బు మనవాళ్లదే, పనివాళ్లు మనవాళ్లే, నిర్వహణ కూడా మనవాళ్లదే అన్నది దాని నియమం. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా ముందు వరసలో నిలిచింది అజరయ్యే.

తిరునల్వేలి సొసైటీ ఎంచుకున్న సేవాక్షేత్రం నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకా. డోర్నకల్ ఆ వైపుదే. సింగరేణి బొగ్గు దారిలోని ఒక రైల్వే జంక్షన్, చుట్టూ అడవి, మాలపల్లెలు, మాదిగపల్లెలు. ఇతరులను పంపుతూ కూర్చోవడం తగదనుకుని 1909లో అజరయ్య స్వయంగా గురువుగా అభిషేకం పొంది కుటుంబంతో అక్కడికి వెళ్లారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. భార్య అన్బు మరియమ్మ తోడుగా నిలిచారు. కాలేజీ చదువు చదివిన తొలి దక్షిణాది క్రైస్తవ మహిళల్లో ఆమె ఒకరు.

ఎడింబరోలో చెప్పిన మాట, కలకత్తాలో జరిగిన అభిషేకం

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివాళ్లకూ మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను పిలిచారు. ఆయన మెత్తగా మాట్లాడలేదు. మీరు ధనమిచ్చారు, ప్రాణాలు కూడా ధారపోశారు, కానీ మమ్మల్ని సమానులుగా ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం లేదు, మాకు కావలసింది స్నేహం అన్న అర్థంలో ముగించారు. సభలో కలకలం రేగింది. ఆ ప్రసంగాన్ని ప్రపంచ క్రైస్తవ చరిత్రకారులు నేటికీ చర్చిస్తారు. ఫిర్యాదుగా చదివితే దాని సగం అర్థమే తెలుస్తుంది. సంఘం అంటే యజమాని, పనివాడు కాదు, ఒకే శరీరంలోని అవయవాలు అన్న నమ్మకం దాని వెనుక ఉంది. అజరయ్య తరువాత చేసినదంతా ఆ నమ్మకం నుంచే వచ్చింది.

అప్పటి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. తత్వవేత్త ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు అన్న. భారతీయుణ్ణి బిషప్ చేయాలని పట్టుబట్టింది ఈయనే. తెల్లవాళ్ల మీద భారతీయుడి అధికారం ఏమిటని కొందరు మిషనరీలు అడ్డుచెప్పారు. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరు వ్యతిరేకించారు. వాటన్నిటినీ దాటుకుని 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కేథడ్రల్‌లో 11 మంది బిషప్పుల సమక్షంలో అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. మొదట డయోసిస్ చిన్నది. 1920 తరువాత అది పెరిగింది. సి.ఎం.ఎస్. అనే మిషనరీ సొసైటీ నడిపిన కృష్ణా మండలం, ఎస్.పి.జి. అనే మరో సొసైటీ నడిపిన కర్నూలు, కడప ప్రాంతాలు వచ్చి చేరాయి. నంద్యాల అజరయ్య పరిధిలోకి వచ్చింది ఇలాగే.

ముత్యాలపాడు దారి

సి.ఎం.ఎస్., ఎస్.పి.జి. రెండూ ఇంగ్లండు సంఘానికి చెందిన మిషనరీ సొసైటీలే. నంద్యాల కథకు మాత్రం వాటి మధ్య తేడానే కీలకం. 1701లో పుట్టిన ఎస్.పి.జి. పాతది. బిషప్ పదవి, ఆరాధన క్రమం, సంస్కారాలు, అపొస్తలుల కాలం నుంచి తెగకుండా వస్తున్న పరంపర వీటికి అది పెద్దపీట వేసేది. 1799లో పుట్టిన సి.ఎం.ఎస్. వాక్య ప్రకటనకు, వ్యక్తిగత విశ్వాసానికి మొదటి చోటు ఇచ్చేది. ఇతర సంఘాలతో చేయి కలపడంలో ఈ రెండోదానికి అంత జంకు లేదు. మచిలీపట్నంలో మిషనరీలు నోబుల్, ఫాక్స్ 1841లో పాదం పెట్టింది సి.ఎం.ఎస్. తరఫున. రాయలసీమలో పని చేసింది ఎస్.పి.జి.

కడపలో మొదట లండన్ మిషనరీ సొసైటీ పని ఉండేది. 19వ శతాబ్ది నడుమ ఎస్.పి.జి. కడప వైపుకు వచ్చింది. అక్కడి నుంచి దాని పని ఉత్తరానికి పాకి ముత్యాలపాడు చేరింది. ఆళ్లగడ్డకు దక్షిణంగా, చాగలమర్రి మండలంలో ఉన్న ఈ ఊరు అహోబిలం కొండలకు దగ్గర. 1850లలో రెవరెండ్ జాన్ క్లే ఇక్కడ మకాం పెట్టాక, నల్లమల అంచు పల్లెలకు ఇది మిషన్ కేంద్రమైంది. కడప జిల్లాలోని కలసపాడు మరో కేంద్రం. ఆ తరువాత నంద్యాల పెద్దదైంది. రెవరెండ్ ఆల్ఫ్రెడ్ బ్రిటన్, రెవరెండ్ ఆర్థర్ ఇన్మన్ పేర్లు నంద్యాల మిషన్ తొలి రోజులతో ముడిపడి ఉన్నాయి. ఉపాధ్యాయులకు, ఉపదేశకులకు శిక్షణ నంద్యాలలోనే సాగింది. నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు అంటే నేటికీ అడిగినవాళ్లకు దారి చూపుతారు. అందులోని మూడక్షరాలు ఆ మిషన్ సొసైటీవే.

ఈ సంఘాల్లో చేరింది ఎక్కువగా మాలలు. ఒక్కొక్కరుగా వచ్చింది తక్కువ. పల్లెకు పల్లె, కుటుంబానికి కుటుంబం కలిసి వచ్చారు. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా దక్షిణ భారతంలోనే అతి ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో ఒకటి. కరువు తగ్గాక బాప్తిస్మం అడిగేవాళ్లు పెరిగారు. గంజి కోసం వచ్చారని కొందరు తీసిపారేస్తారు. గంజి కేంద్రాలు మూతపడ్డాక కూడా వాళ్లు సంఘంలోనే ఉండిపోయారు, పిల్లలను బడికి పంపారు, తరాల తరబడి పాడుకుంటూ, ప్రార్థించుకుంటూ వస్తున్నారు. ఆకలి ఒక్కటే కారణమైతే అది ఇన్ని తరాలు నిలవదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఊరి గుడిలోకి రానివ్వని మనుషులకు, ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనుషులకు, సంఘం ఒక క్రమాన్ని ఇచ్చింది. ఆదివారం ఫలానా ప్రార్థన, ఫలానా రోజు పండుగ, బాప్తిస్మం ఇలా, బల్ల (ప్రభు భోజనం) ఇలా. బిషప్ వచ్చి తలమీద చేయి ఉంచితే కన్ఫర్మేషన్, అంటే విశ్వాసంలో స్థిరపరచడం. ఆ చేయి ముందు మరో బిషప్ చేతి కింద ఉన్న తలది, ఆయన తల అంతకు ముందు మరో బిషప్ చేతి కింద ఉన్నది. ఇలా వెనక్కి వెళితే అపొస్తలుల దాకా చేరుతుందని వాళ్లకు నేర్పారు. నల్లమల అంచున పూరి గుడిసెలో ఉండే మనిషికి, తానూ ఆ వరసలోని వాణ్ణేనన్న భావం చిన్నది కాదు. 1947లో నంద్యాల ఎందుకు అంత గట్టిగా నిలబడిందో తెలియాలంటే ఈ బోధ గుర్తుండాలి.

పల్లెలో పుట్టిన దైవశాస్త్రం

అజరయ్య గుర్రం మీద, ఎడ్లబండి మీద ఊరూరా తిరిగిన బిషప్. బాప్తిస్మం పొందినవాళ్లందరినీ వరసగా నిలబెట్టి, తలమీద చేయి పెట్టుకోమని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న భావంతో వాళ్లచేతే పలికించేవారు. ఆయన దృష్టిలో సువార్త పని జీతం తీసుకునే మిషనరీది కాదు, బాప్తిస్మం పొందిన ప్రతి కూలిమనిషిదీ. రెండో తరం క్రైస్తవులు తమ పొరుగువాళ్లకు తామే సాక్షులైతేనే సంఘం నిలుస్తుందని ఆయన వాదన. ఆయన కాలంలో డయోసిస్ జనాభా రెండు లక్షలు దాటింది. అందులో తెల్ల మిషనరీలు చేసిన పనికంటే పల్లె ఉపదేశకులు, మామూలు విశ్వాసులు చేసిన పనే ఎక్కువ.

ఆయన రాసిన పుస్తకాల్లో ఎక్కువమందికి చేరినది క్రైస్తవ దానం గురించినది. ఇంగ్లీషులో వచ్చిన ఆ చిన్న పుస్తకం ఆ తరువాత ఎన్నో దేశాలకు వెళ్లింది. దాని వెనుక ఉన్నది తెలుగు పల్లె. పొయ్యి మీద అన్నం పెట్టే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేస్తుంది. వారాంతంలో ఆ కుండ సంఘానికి చేరుతుంది. కోతల పండుగ నాడు కోడిపెట్ట, గుమ్మడికాయ, జొన్నల మూట, గుడ్లు బల్ల ముందుకు వస్తాయి. పాట అయ్యాక వేలం వేస్తారు. విదేశాల నుంచి డబ్బు వస్తుంటే కూలి చేసి బతికే జనాన్ని ఇవ్వమనడం ఏమి న్యాయమని అడిగేవాళ్లు. బీదవాడు ఇవ్వలేడని ముందే తేల్చేయడం వాడి గౌరవాన్ని తీసివేయడమే, పుచ్చుకోవడానికే అలవాటుపడ్డ సంఘం ఎదగదు అన్నది అజరయ్య జవాబు. మాలపల్లె మనిషి దాతగా నిలబడటం అంటే అప్పటిదాకా ఊరు అతన్ని చూసిన చూపే మారడం. అజరయ్య రాతల్లో ఇంతకు మించిన దైవశాస్త్రం మరొకటి లేదని ఈ వ్యాసం అభిప్రాయం.

వివాహం, విశ్రాంతి దినం, భారత క్రైస్తవ ఉద్యమ చరిత్ర, దక్షిణ భారత సంఘ ఐక్యత ఆయన రాసిన మరికొన్ని అంశాలు. హెన్రీ వైట్‌హెడ్‌తో కలిసి భారత గ్రామాల్లో క్రైస్తవం మీద ఒక పుస్తకం తెచ్చారు. తెలుగులో ఉపదేశకుల కోసం పాఠాలు రాశారు. కర్ణాటక రాగాల్లో కట్టిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, భజనలు, పల్లె పండుగల సందడి ఆరాధనలోకి రావాలన్నది ఆయన అభిమతం. డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్ ఆ ఆలోచనకు రాతి రూపం. కట్టడానికి పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును గుర్తుకు తెస్తాయి, స్తంభాల మీది తామరలు దేవాలయాన్ని గుర్తుకు తెస్తాయి, శిఖరాన సిలువ ఉంటుంది. నిజాం రాజ్యంలోని తెలుగు క్రైస్తవుడు ఎవరి మధ్య బతుకుతున్నాడో ఆ కట్టడం చెబుతుంది.

గాంధీజీతో ఆయనకు పేచీ వచ్చింది. 1930లలో హరిజనుల మతాంతరీకరణను గాంధీజీ తీవ్రంగా విమర్శించారు. డోర్నకల్ పేరు కూడా ఆ చర్చలోకి వచ్చింది. అజరయ్య దేశభక్తుడే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, సంఘం రాజకీయ వర్గంగా మారకూడదని వాదించినవారు. కానీ తమ మతాన్ని తామే ఎంచుకునే హక్కు అంటరానివాడికి కూడా ఉందన్న దగ్గర ఆయన వెనక్కి తగ్గలేదు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలు ఆయన్ను పెద్దగా తలచుకోకపోవడానికి ఈ పేచీ ఒక కారణం. చరిత్రకారిణి సూసన్ బిలింగ్టన్ హార్పర్ 2000లో ప్రచురించిన ఆయన జీవితచరిత్రకు మహాత్ముడి నీడలో అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

తరంగంబాడిలో రెండు రోజులు

ఐక్యత ఆలోచనకు గట్టి రూపం వచ్చింది 1919 మే 1, 2 తేదీల్లో. 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు దిగిన తమిళ తీరపు తరంగంబాడిలో 33 మంది గురువులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య, ఎడ్డీ ముందుండి నడిపారు. ఇంగ్లండులో, స్కాట్లండులో నాలుగు వందల ఏళ్ల కిందటి గొడవల వల్ల విడిపోయిన సంఘాల పేర్లను తెలుగువాడు, తమిళుడు ఎందుకు మోయాలి అన్నది వాళ్ల ప్రశ్న. ఒక పల్లెలో ఆంగ్లికన్, పక్క పల్లెలో బాప్టిస్టు, అవతలి పల్లెలో లూథరన్. పెళ్లి సంబంధాలు మూడూళ్లకూ ఉంటాయి గాని బల్ల దగ్గర కలిసి కూర్చోలేరు. కులం వద్దని చెప్పే సంఘమే మరో రకం వేర్పాటు నేర్పుతోందన్న బాధ అజరయ్యది. 1927లో స్విట్జర్లండులోని లొసాన్ మహాసభలో కూడా ఆయన ఇదే మాట్లాడారు. పశ్చిమ దేశాల్లో ఐక్యత కోరదగినది కావచ్చు, మా మిషన్ క్షేత్రంలో అది చావుబతుకుల సమస్య అన్నది ఆయన వాదన సారం.

చర్చలు మొదలైతే చిక్కు ఒక్కచోటే పడింది. బిషప్ లేకుండా సంఘం ఉంటుందా? ఆంగ్లికన్ల లెక్కలో బిషప్ చేతులుంచి అభిషేకిస్తేనే గురువు. కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు సంఘాల గురువులను అభిషేకించింది బిషప్పులు కాదు. వాళ్లను మళ్లీ అభిషేకించాలంటే ఇన్నేళ్లు వాళ్లిచ్చిన బల్ల చెల్లనిదని ఒప్పుకోమన్నట్టు. అభిషేకించకుండా తీసుకుంటే పరంపర తెగినట్టు. 28 ఏళ్ల చర్చల్లో ఎక్కువ భాగం ఈ ముడి చుట్టూనే తిరిగింది.

కుదిరిన ఒప్పందం ఇది. ఐక్యసంఘంలో బిషప్పులు ఉంటారు. బిషప్ పదవి ఉందన్న వాస్తవాన్ని అంతా ఒప్పుకుంటారు, దాని మీద ఏ ఒక్క సిద్ధాంతాన్నీ బలవంతంగా రుద్దరు. కలిసే నాటికి ఉన్న గురువులందరినీ, వాళ్లను ఎవరు అభిషేకించినా, ఉన్నవాళ్లను ఉన్నట్టే తీసుకుంటారు. ఆ తరువాత జరిగే ప్రతి అభిషేకమూ బిషప్ చేతుల మీదుగానే. ఇష్టం లేని సంఘం మీద దాని మనస్సాక్షికి సరిపడని గురువును రుద్దకూడదన్న హామీ కూడా ఉంది. ముప్పై ఏళ్లు గడిచాక మిగిలిన విషయాలు మళ్లీ చూసుకుంటారు. అజరయ్య ఈ దారిని నమ్మారు. పరంపరను పారేయకుండానే పక్కవాడిని దగ్గరకు తీసుకోవచ్చన్నది ఆయన ఆశ. ఆయన పోయేనాటికి అది ఇంకా కాగితం మీదే ఉంది.

నంద్యాల ఎందుకు ఆగింది

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో దక్షిణ భారత సంఘం, అంటే సి.ఎస్.ఐ., పుట్టింది. మద్రాసు, డోర్నకల్, తిరునల్వేలి, తిరువాన్కూరు-కొచ్చిన్ ఆంగ్లికన్ డయోసిస్‌లు నాలుగూ చేరాయి. అప్పటికి డోర్నకల్ బిషప్ ఎ.బి. ఎలియట్. సి.ఎం.ఎస్. వారసత్వం ఉన్న కృష్ణా ప్రాంతం ఇబ్బంది లేకుండా లోపలికి నడిచింది. డయోసిస్‌లో ఒక విభాగమైన నంద్యాల ఆర్చ్‌డీకన్రీ మాత్రం ఆగిపోయింది. దాన్ని కలకత్తా మెట్రోపాలిటన్ (ప్రధాన బిషప్) కిందికి తీసుకున్నారు. దక్షిణాదిలో ఎక్కడో ఉన్న నంద్యాల, వెయ్యి మైళ్ల దూరంలోని కలకత్తా వైపు చూసే చిత్రమైన స్థితి వచ్చింది.

కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. మొదటిది ఎస్.పి.జి. నేర్పిన పాఠం. బిషప్ అభిషేకం లేని గురువు చేతి మీదుగా బల్ల తీసుకోవడం తప్పని మూడు తరాలుగా విన్న జనానికి, ఒక రోజు ఉదయం లేచి అది తప్పు కాదనమంటే ఎలా? రెండోది డబ్బు. 1947లో ఎస్.పి.జి. తన సాధారణ నిధుల నుంచి ఐక్యసంఘానికి గ్రాంటు ఇవ్వడం ఆపి, ఇష్టమున్న దాతల కోసం విడిగా ఒక ఖాతా తెరిచింది. ఉపదేశకుల జీతాలు, బడులు, హాస్టళ్లు ఆ గ్రాంటు మీద నడిచే చోట ఇది చిన్న విషయం కాదు. మూడోది భయం. డెల్టా జిల్లాల వాళ్లు, ఇతర సంఘాల వాళ్లు ఎక్కువగా ఉండే పెద్ద సంఘంలో తమ మాట వినబడుతుందా అన్నది. రాయలసీమ వాళ్లకు అలాంటి అనుమానం ఎందుకు వస్తుందో తెలుగు పాఠకులకు వివరించనక్కర లేదు.

నంద్యాలవాళ్లు జీతాల కోసమే ఆగారనే మాట అప్పుడూ వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తుంది. అది అన్యాయమైన మాట. ఇంగ్లండులో పెద్ద పెద్ద దైవశాస్త్ర పండితులు అదే ప్రశ్న అడిగారు. 1948లో లాంబెత్‌లో సమావేశమైన ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు సి.ఎస్.ఐ. గురువుల విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. ఇంగ్లండు సంఘం పరిమితమైన సహవాసానికి ఒప్పుకోవడానికి 1955 దాకా పట్టింది. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు అడిగితే సిద్ధాంతం, ఆళ్లగడ్డ పల్లెవాడు అడిగితే స్వార్థమా?

అదే కాలంలో తెలుగువాడైన ఒక ఆంగ్లికన్ గురువు, పండితుడు ఈ చర్చను మరో కోణం నుంచి చూశారు. రెవరెండ్ ఈమని సాంబయ్య బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై, కలకత్తా బిషప్స్ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు. 1820లో నెలకొల్పిన ఆ కాలేజీ దేశంలోని పాత దైవశాస్త్ర విద్యాలయాల్లో ఒకటి. ఆంగ్లికన్ సహవాసం గురించి 1948లో ఇంగ్లండులో వెలువడిన ఒక సంకలనంలో ఆ సంప్రదాయపు ప్రత్యేకత మీద వ్యాసం రాసింది ఆయనే. ఆంగ్లికన్ మార్గం ఆంగ్లేయుల సొత్తు కాదని చెప్పడానికి అజరయ్యది పల్లె అనుభవం, సాంబయ్యది పుస్తక పాండిత్యం.

నంద్యాలలో అందరూ ఒకే దారి పట్టలేదు. కొందరు సి.ఎస్.ఐ. వైపు వెళ్లారు. ఒకే ఊళ్లో రెండు సంఘాలు, ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఐక్యత కోసం కన్న కల కొన్నాళ్లు చీలికే తెచ్చిందన్నది దాచవలసిన విషయం కాదు. మిగిలినవాళ్లు భారత, పాకిస్తాన్, బర్మా, సిలోన్ ఆంగ్లికన్ సంఘంలో ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక డయోసిస్ అయింది, హోలీక్రాస్ దాని కేథడ్రల్. 1970 నవంబరులో ఉత్తరాది ఆంగ్లికన్లు కూడా ఇతర సంఘాలతో కలిసి ఉత్తర భారత సంఘంగా మారారు. నంద్యాల ఆనుకుని ఉన్న పాత గోడ అలా లేకుండా పోయింది.

1975లో నంద్యాల డయోసిస్ సి.ఎస్.ఐ.లో చేరింది. ఒప్పందంలో చెప్పిన ముప్పై ఏళ్ల గడువుకు అప్పటికి రెండేళ్లే తక్కువ. 1947లో బిషప్ అభిషేకం లేకుండా లోపలికి వచ్చిన గురువులు చాలావరకు పదవీ విరమణ చేశారు లేదా కన్నుమూశారు. పనిలో ఉన్న గురువుల్లో ఎక్కువమంది బిషప్ చేతులతో అభిషేకం పొందినవాళ్లే. అంటే నంద్యాల అడిగిన ప్రశ్నకు కాలమే జవాబు ఇచ్చింది. అజరయ్య చెప్పినట్టే, ఎవరినీ మళ్లీ అభిషేకించకుండానే పరంపర నిలిచింది. ఆయన నమ్మకం సరైనదని తేలింది. నంద్యాల పట్టు కూడా వ్యర్థం కాలేదు, ఆ ఒప్పందం మాట నిలబెట్టుకుంటుందా లేదా అని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది వాళ్లే.

ఆళ్లగడ్డ, చాగలమర్రి, ముత్యాలపాడు ఉన్న పాత కర్నూలు జిల్లా భాగం 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాగా మారింది. నంద్యాల డయోసిస్ మాత్రం సి.ఎస్.ఐ. డయోసిస్‌లలో ఒకటిగా అంతకు చాలాకాలం ముందు నుంచే నడుస్తోంది. 2013 సెప్టెంబరు 30న నంద్యాల హోలీక్రాస్ కేథడ్రల్‌లో ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషేకం పొందారు. సి.ఎస్.ఐ.లో ఆ పదవి అందుకున్న తొలి మహిళ ఆమె. ఇంగ్లండు సంఘంలో తొలి మహిళా బిషప్ అభిషేకం 2015 జనవరిలో, నంద్యాల తరువాత పదహారు నెలలకు జరిగింది.